గవరయ్య తెచ్చిన మొలతాడు

భవానీపూర్ వీధులు ఊడ్చి ఊడ్చి కార్పొరేషన్ కొలువు నుంచి రిటైరైన గవరయ్యకు ముసలితనంలో శాస్త్రసేవ చేసే భాగ్యం కలిగింది. హౌరా అవతల ఒక తోటలో కోతుల ఉమ్మి సేకరించడమే ఆ సేవ. గ్లౌజులు తొడుక్కుని, జామ్‌లో ముంచిన నూలుతాడు కొమ్మకు కట్టి దూరంగా నిలబడాలి. కోతి దాన్ని నమిలి, తీపి అయిపోయాక వదిలేస్తుంది. ఆ తాడును సీసాలో వేసి, పరిశోధన చేసే లక్ష్మీసౌజన్యకు అందించాలి.

హైదరాబాదు నుంచి వచ్చి న్యూ టౌన్‌లో ఉంటున్న ఆ అమ్మాయి అతనికి ఓపికగా పాఠం చెప్పింది. కోతుల్లో రకరకాల వైరస్‌లుంటాయట. చాలావాటితో వాటికేమీ కాదట. కొన్ని మనకు అంటుకోవచ్చట. ఇంతవరకు గవరయ్యకు బాగానే ఎక్కింది. మనవి కూడా వాటికి అంటుకోవచ్చని చెప్పేసరికి తల తిరిగింది. మునిసిపల్ స్వీపరు వల్ల ఆంజనేయస్వామికి జలుబు చేయడమనేది అతను బుద్ధెరిగాక విన్న సంగతి కాదు. ఏదీ తేలక, తెలిసిన పనే చేశాడు. స్వామి నమలగా తెగిపడ్డ తాడుముక్కను కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. భార్య సన్యాసమ్మ దాన్ని పసుపునీళ్లలో ముంచి, ఆరబెట్టి, పసి మనవరాలు రమాకుమారికి మొలతాడుగా కట్టింది.

వారం తిరక్కుండా పిల్లకు జ్వరం వచ్చింది. గవరయ్య తోటకు వెళ్లి, తల దించుకుని, జరిగినదంతా చెప్పాడు. సౌజన్య ముఖం పాలిపోయింది.

"ముందు ఆ తాడు తీసి కవర్లో పెట్టండి తాతగారూ. పిల్లను ఇప్పుడే డాక్టరుకు చూపించండి. తాడు సంగతి దాచకుండా చెప్పండి."

"దానివల్లేనేటమ్మా జొరం?"

"తెలియదు."

"ఇంత సదువు సదివి తెల్దంటే ఎలాగమ్మా?"

"చదివాను కాబట్టే తెలియదంటున్నాను."

గవరయ్య లాంచీలో హుగ్లీ దాటాడు గాని ఆ జవాబును దాటలేకపోయాడు.

ఇంట్లో సన్యాసమ్మ అడ్డం తిరిగింది. జ్వరంలో ఉండగా స్వామి తాడు తెంపి పిల్లకేమైనా అయితే పూచీ ఎవరిదని నిలదీసింది.

"ఉంచితే భయం, తెంపితే భయమేనే. తెంపే భయపడతాను," అని గవరయ్య కళ్లు మూసుకుని కత్తెర వేశాడు. వేశాక కళ్లు తెరిచి, తెగింది తాడేనని నిర్ధారించుకున్నాడు.

డాక్టరు అంతా విని, పరీక్ష చేయించి, పేటలో పిల్లలందరికీ వచ్చిన ఫ్లూయేనని తేల్చాడు. జ్వరం దిగింది. తెంపబట్టే దిగిందని గవరయ్య, తెంపేదాకా పిల్లను కాచింది తాడేనని సన్యాసమ్మ తీర్మానించారు. డాక్టరు తీర్మానాన్ని ఇద్దరూ గౌరవంగా పక్కన పెట్టారు.

ఈలోగా గవరయ్యకే దగ్గు పట్టుకుంది. అది పూర్తిగా తగ్గేదాకా తోట ఛాయలకు రావద్దని, కోతులకు ప్రమాదమని సౌజన్య ఫోన్‌లో చెప్పింది. భక్తుడి వల్ల దేవుడికి ముప్పన్న మాట!

"ఇంటికాణ్నించి దండమెట్టుకుంటే పర్లేదు గదమ్మా?"

అది మాత్రం అంటుకోదని ఆమె హామీ ఇచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని, గవరయ్య మాస్కు పెట్టుకునే హౌరా వైపు తిరిగి చేతులు జోడించాడు.