రుద్రప్ప తాతకు ఊరికే ఇచ్చిన మాత్రలు

మనిషిని చంపడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదండీ. కాస్త మంచితనం ఉంటే చాలు. నేను ఒక పెద్దాయనను నిండు సంత రోజున, నవ్వు ముఖంతో, రెండు మాటలు చెప్పి దాదాపు పైకి పంపేశాను. ఇది చదివాక ఎవరైనా నన్ను దయగలవాడని అంటే మాత్రం వాళ్ళింటికి వచ్చి గొడవ పెట్టుకుంటాను. ఆ బిరుదు నాకొద్దు. దానితో పడ్డ అవస్థ చాలు.

మాది ఆదోని. మా నాయనది పత్తి వ్యాపారం. ఆయన బేరానికి దిగాడంటే అవతలివాడు మధ్యలో లేచిపోయి మంచినీళ్ళు తాగి రావాల్సిందే. అంతటివాడి కడుపున పుట్టిన నాకు పత్తి దగ్గరికి పోతే తుమ్ములు. బస్తా విప్పగానే మొదలై, బండి కదిలిపోయాక కూడా ఆగేవి కావు. చూసి చూసి ఆయన విసిగిపోయి, నాకు మందుల చదువు చెప్పించి, ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో మందులంగడి పెట్టించాడు. "ఈడైతే తుమ్ము వచ్చినా మందు చేతిలోనే ఉంటాది" అన్నాడు. అదే ఆశీర్వాదం అనుకుని వచ్చేశాను.

వ్యాపారమంటే గల్లా పెట్టె ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం అనుకునేవాళ్ళు నాలుగు రోజులు మందులంగడిలో కూర్చుని చూడండి. పొద్దున్నే వీధిలో మగ్గాల చప్పుడు మొదలైనప్పుడు తలుపు తీస్తే, ఆ చప్పుడు ఆగిపోయినా మన పని ఆగదు. డాక్టరు చీటీలో గీసిన గీతలన్నీ చదవాలి. ఎర్ర మాత్ర అన్నానికి ముందు, తెల్ల మాత్ర అన్నం తర్వాత అని గొంతు పోయేలా చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్ళ మోకాళ్ళ నొప్పీ మొదటినుంచీ వినాలి. ముప్పై నిండకుండానే నా ముఖం నా అంగడిలో మందులు కొనేవాళ్ళ ముఖంలా తయారైంది. ఇవన్నీ ఒక ఎత్తు. నెలకోసారి వచ్చే రుద్రప్ప తాత ఒక్కడే ఒక ఎత్తు.

రుద్రప్ప తాతది బళ్ళారి. అక్కడి సర్కారు ఆస్పత్రిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఎమ్మిగనూరులో ఉన్న కూతురు గంగమ్మ ఇంటికి వచ్చి చేరాడు. అల్లుడు మగ్గం నేస్తాడు. మనకు బళ్ళారి అంటే బస్సెక్కితే వచ్చే ఊరు. ఆయనకు మాత్రం సరిహద్దులోని హాలహర్వి దాటి ఇటు వస్తే పరదేశమే. "మీ దేశంలో నీళ్ళు ఉప్పగుంటాయప్పా", "మీ దేశంలో బస్సులు టయానికి రావప్పా" అనేవాడు. పింఛను ఇంకా బళ్ళారి ఖజానాలోనే. నెల నెలా ఆదోని మీదుగా పోయి తెచ్చుకుని, మర్నాడు తిన్నగా నా అంగడికొచ్చేవాడు. బీపీ మాత్రలు కొనడానికని చెప్పేవాడు కానీ, తన బీపీ నాకు తగిలించి పోవడానికే వస్తున్నాడని నా అనుమానం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన మందుకు పైసా ఇచ్చి ఎరగడు. ఇప్పుడీ వయసులో, ఈ పరాయి దేశంలో, డబ్బిచ్చి మాత్రలు కొనుక్కోవడం ఆయనకు గొంతు దిగని సంగతి.

"ఎంతప్పా శెట్టీ?"

"పద్నాలుగు రూపాయలు తాతా."

"అయ్యో శివనే! నమ్మ బళ్ళారిలో ఈ మాత్రలు పిడికిలి నిండా పోసిస్తారు. దుడ్లు అన్న మాటే ల్యా."

"అయితే ఆడే తెచ్చుకోకూడదా?"

"ఊరిడిసినోనికి ఎవురిస్తారప్పా? ఇప్పుడుండే కాంపౌండరుకు నేనెవురో తెలీదు. ఎనిమిదికియ్యి."

"మాత్రలకు బేరం ల్యాదు తాతా. రేటు అట్ట మీదే అచ్చేసుండాది, సూడు."

"అచ్చేసినోడు మీ దేశపోడే గదా! వాని మాట నేను నమ్మాల్నా?"

ఇలా ఎంతసేపు సాగేదో చెప్పను, మీరు నమ్మరు. చివరికి పదమూడున్నర దగ్గర తెగేది. నా లాభంలో అర్ధరూపాయి కోసుకుని, తాత కండువా దులిపి భుజాన వేసుకుని పోయేవాడు. వంగిపోయి వచ్చిన మనిషి పోయేటప్పుడు నిటారుగా నడిచేవాడు. అది నా కంటికి కనబడుతూనే ఉండేది కానీ, దాని అర్థం నా బుర్రకు ఎక్కలేదు.

ఇక ఆ సంత రోజు. తెల్లవారుజామున బస్సులో ఆదోనికి పోయి సరుకు తెచ్చుకున్నాను. మధ్యలో ఇంటికి పోతే మా నాయన, అంగడిలో ఏం మిగులుతోందని అన్నం ముందు కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాడు. తిరుగు బస్సులో మందుల పెట్టెలు నా ఒళ్ళో, పక్కాయన కోడిపుంజు నా చెవి దగ్గర. దిగీ దిగగానే సంతజనం. దీపాలు పెట్టే వేళకు నా కాళ్ళు నావి కావు. అంగడి మూయబోతున్నాను. అప్పుడు వచ్చాడు రుద్రప్ప తాత.

"ఎంతప్పా?" అన్నాడు, గొంతు సవరించుకుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి.

నాకు ప్రాణం ఉసూరుమంది. పద్నాలుగు అనాలి, ఎనిమిది అంటాడు, అట్ట చూపాలి, అచ్చేసినవాణ్ణి తిడతాడు. అదంతా తలుచుకుంటేనే కళ్ళు మూతలు పడుతున్నాయి. మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెట్టేశాను.

"దుడ్లొద్దులే తాతా. తీస్కపో."

పైగా నవ్వాను.

తాత కదల్లేదు. "ఏమంటివి?"

"దుడ్లొద్దంటి."

"ఏమిటికి?"

"ఊరకే. పెద్దోడివి గదా."

"డాక్టరేమన్నా సెప్పినాడా?"

"డాక్టరేం సెప్తాడు తాతా! పో, పో. ఒళ్ళు జాగ్రత్త."

ఆ చివరి మాట అనకుండా ఉన్నా కొంత బాగుండేది. తాత పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి, చీకట్లోకి నడిచాడు. కండువా దులపలేదు. పాపం, మనసు కరిగిపోయి మాట రాలేదనుకున్నాను. గాడిదను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పోయాను.

నాలుగు రోజులకు గంగమ్మ ఏడుపు ముఖంతో అంగడికి వచ్చింది.

"ఏమన్నా, మా నాయనకు ఏమయిందో నాకు సెప్పకుండా దాసిపెట్టినారంట?"

"ఏం దాసినాం తల్లీ?"

"మంచం దిగల్యా. మాత్రలు ముట్టల్యా. 'ఆస్పత్రిలో పనిచేసినోన్ని, నాకు తెలీదా గంగీ? బయట అంగడోళ్ళు, డాక్టర్లు ఇంక లాభం ల్యాదన్నోళ్ళ దగ్గరే దుడ్లు తీసుకోరు' అంటాండాడు. 'ఆదోని శెట్టి కొడుకు పద్నాలుగు రూపాయలు ఇడిసిపెట్టినాడంటే నాకు పద్నాలుగు దినాలు గూడా ల్యావు' అంటాండాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వబోతూ ఆగాను. మాత్రలు ముట్టలేదంటోంది. ఆ మాత్రలు ఉన్నపళంగా ఆపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన విని, నన్ను తిట్టాల్సినంతా తిట్టి, సంచీ తీసుకుని నాతో వచ్చాడు. తాత చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ముఖం చిట్లించాడు. "ఇంకో నాలుగు రోజులు ఇట్లే ఉంటే పక్షవాతం వస్తుంది" అని నా చెవిలో అని, తాతతో మాత్రం పెద్దగా, "నీకేం కాలేదు పెద్దాయనా! మాత్రలేసుకో, గుండ్రాయిలా ఉంటావు" అన్నాడు. తాత ముఖంలో కాస్త వెలుగు కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

గంగమ్మ కొంగు ముడి విప్పి ఫీజు ఇవ్వబోయింది. డాక్టరు గారు ఆ ఇంటిని చూశాడు, సగం నేసి ఆగిపోయిన మగ్గం చూశాడు. "ఉండనీలేమ్మా" అన్నాడు.

మంచం మీద నుంచి ఒక మూలుగు వినిపించింది. "ఇన్నావా గంగీ? ఈయప్ప గూడా తీసుకోల్యా!"

డాక్టరు గారు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

అక్కడినుంచి అందరి మంచితనమూ కలిసి తాత మీద పడింది. తిండి మానేశాడని గంగమ్మ ఓలిగలు, అదే బొబ్బట్లు, చేస్తే, "పండగ గాని దినం ఓలిగలేమిటికి? ఆఖరి కోరిక తీరుస్తాండారా?" అన్నాడు. పక్కింటివాళ్ళు నిద్ర చెడుతుందని మగ్గం ఆపితే, "సూడు, వీధంతా అప్పుడే సప్పుడు లేకుండా అయిపాయె" అన్నాడు. కబురందుకుని హాలహర్వి నుంచి తాత తమ్ముడు దిగాడు. ఆయన చేతిలో ఒక టెంకాయ ఉంది. అది దేనికో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక నిజం చెప్పేయడమే మేలని తాత పక్కన కూర్చున్నాను.

"తాతా, ఆ పొద్దు నాకు సుస్తుగా ఉండె. బేరమాడే ఓపిక లేక ఊరకే ఇచ్చినా. అంతకుమించి ఏం ల్యాదు."

"నువ్వు మీ నాయన కొడుకువేనా?"

"అవును తాతా."

"సుస్తయితే దుడ్లిడుస్తావా? నన్ను సిన్నపిల్లోన్ని సేస్తాండావు శెట్టీ. నువ్వు శానా మంచోడివప్పా. నేను పోయినాంక మా గంగిని సూసుకో" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నిజంగా భయమేసింది నాకు. అర్ధరూపాయి కోసం నా ప్రాణాలు తోడేసిన మనిషి ఇలా మెత్తగా మాట్లాడుతుంటే తట్టుకోలేకపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాత అవీ చూశాడు. చూసి, ఇంక అనుమానం తీరిపోయినట్టు తలూపి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆదోనికి పోయాను. సరుకు కోసం కాదు, ఎవరితోనైనా చెప్పుకుని ఏడవడానికి. మా నాయన అంతా విన్నాడు. తాత సంగతి ఆయన చెవికి ఎక్కినట్టే లేదు.

"పద్నాలుగు రూపాయల మందు ఊరకిచ్చినావా? ఎవుర్ని అడిగిచ్చినావు?"

"నాయనా, ఆడ మనిషి సచ్చేట్టుండాడు!"

"అందుకే, బిరీన పోయి వసూలు చేస్కరా!"

ఆయన వేళాకోళానికి అనలేదు. మా నాయనకు వేళాకోళాలు రావు. తిట్లు తిని, బస్సెక్కి, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. సగం దారిలో దిగ్గున లేచి కూర్చున్నాను. మా నాయన తనకు తెలియకుండానే సరైన మందు చెప్పి పంపాడు.

బస్సు దిగి తిన్నగా గంగమ్మ ఇంటికి పోయి గుమ్మంలో నిలబడ్డాను.

"రుద్రప్పా! నా దుడ్లు యాడ?"

గంగమ్మ చేతిలో చెంబు జారింది. నేను ఆపలేదు.

"వారమాయె! నేనేమన్నా ధర్మసత్రం పెట్టుకున్యానా? వడ్డీతో పదహారు. ఇప్పుడే పెట్టు. నువ్వు పోయినాంక ఎవుర్నడగాల?"

హాలహర్వి తమ్ముడు లేచి మూలనున్న కర్ర అందుకున్నాడు. దేవరగట్టు దసరా కర్రల సమరానికి ఏటేటా పోయే మనిషి చేతిలో కర్ర అంటే సామాన్యం కాదు. నా కాళ్ళు వెనక్కి పోదామంటున్నాయి. అంతలో మంచం మీద ఒక కన్ను తెరుచుకుంది.

"పదహారా?"

"పదహారే!"

"పోయిన నెల పదమూడున్నరకిచ్చినావు గదా."

"అది పోయిన నెల."

రెండో కన్నూ తెరుచుకుంది. "వారం దినాలకు రెండు రూపాయల వడ్డీనా? యా దేశంలో ఉండాదప్పా ఇది?"

"మా దేశంలో ఉండాది!"

"గంగీ, నన్ను లేపు."

లేచి కూర్చున్నాడు. కండువా అడిగాడు. తొమ్మిదన్నాడు. నేను పదిహేనన్నాను. మధ్యలో ఓపిక కోసమని ఓలిగల పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. నేను విసురుగా వీధిలోకి పోయాను, ఆయన వెనక్కి పిలిచాడు. తమ్ముడు కర్ర పక్కన పెట్టి, "పన్నెండుకు ఖాయం చేయండప్పా" అని నడుమ దూరాడు. పన్నెండు రూపాయలు నా చేతిలో పెట్టి, నా ఎదుటే మాత్ర వేసుకుని నీళ్ళు తాగాడు తాత.

"దుడ్లిచ్చి కొన్యా. పని సేయకపోతే వచ్చి అడుగుతా" అన్నాడు.

నాకు దానిలో రూపాయికి పైగా నష్టం. బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. అంత నష్టంలో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అయితే నా శిక్ష అక్కడితో అయిపోలేదు. అప్పుడే మొదలైంది. ఆ తర్వాత ప్రతి నెలా నేను ప్రాణం పెట్టి బేరమాడాల్సిందే. జ్వరమొచ్చినా, ఇంట్లో చుట్టాలున్నా, గొంతు పోయినా, రుద్రప్ప తాత వచ్చాడంటే లేచి నిలబడి పోట్లాడాల్సిందే. అలిసిపోయి కాస్త తొందరగా దిగితే ముఖం వాడిపోయేది. "ఏమప్పా, ఇంత బిరీన దిగినావు? డాక్టరేమన్నా..." అనేవాడు. "ల్యా ల్యా, తప్పు సెప్పినా, పద్నాలుగే" అని మళ్ళీ మొదటికి ఎక్కేవాణ్ణి.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. మాత్రల ధర పద్దెనిమిదయింది. ఒకనాడు తాత వచ్చాడు.

"ఎంతప్పా?"

"పద్దెనిమిది" అని నడుం బిగించాను.

తాత మాట్లాడకుండా పద్దెనిమిది రూపాయలు బల్ల మీద పెట్టాడు. పొట్లం తీసుకున్నాడు. "నిన్ను శానా కష్టపెట్టినా శెట్టీ. వస్తా" అని మెట్లు దిగిపోయాడు.

చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తి ఆయన భుజం పట్టుకున్నాను.

"తాతా! ఏమాయె? బేరం సేయవా? యాడన్నా నొప్పా? డాక్టర్ను పిల్సుకొద్దునా? పదికిస్తా తాతా, పదికి తీస్కో!"

తాత నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. బోసినోరు మెల్లగా తెరుచుకుంది. వీధంతా వినబడేలా నవ్వాడు.

"ఆ పొద్దు నాకెట్లుండెనో ఇప్పుడు తెలిసెనా?"

ఆయన నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, అరచెయ్యి చాపాడు.

"పదికిస్తా అంటివి గదా. ఎనిమిది వాపసియ్యి."

ఇచ్చాను. కండువా దులిపి భుజాన వేసుకుని, నిటారుగా నడిచిపోయాడు.

కనుక అయ్యలారా, అమ్మలారా, నా మందుల బీరువా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఎంత అలిసినా సరే, కాళ్ళు పీకినా సరే, ఎదుటివాడు నా కన్నతండ్రే అయినా సరే, ఈ జన్మలో తలనొప్పి మాత్ర కూడా ఎవరికీ ఊరికే ఇవ్వను. నవ్వుతూ అసలే ఇవ్వను.