దొర గుర్రం, కాక సర్పంచ్‌గిరి

మా కాకను సర్పంచ్ కానివ్వకుండా చేసింది ప్రత్యర్థి కాదు, నేనే. నాకు తోడుగా ఒక ఇంగ్లీషు దొర, ఒక పెళ్లి గుర్రం. మా ముగ్గురిలో బుద్ధున్నది ఎవరికో చదివాక మీరే చెప్పండి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. హుజూరాబాద్‌లో లైబ్రరీకి వెళ్తే ఆ దొర జీవితచరిత్ర దొరికింది. పొద్దున పార్లమెంటులో ప్రసంగం, మధ్యాహ్నం పందెం మైదానం! ఒక్క మనిషికి ఈ రెండు పిచ్చులూ ఎలా కుదిరాయా అని నాకు అన్నం సహించలేదు. ఆయన గుర్రం గెలిచిన రోజు జనం వెంటపడి జేజేలు కొట్టారని చదివి, పుస్తకం మూసి కాక దగ్గరికి పరుగెత్తాను.

మల్లేశం కాక మా బాపు తమ్ముడు. దుబాయి ఎండల్లో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చాడు. 'గంత దూరం పోయి ఏం సాధించినవ్?' అన్నవాళ్లకు సర్పంచ్ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పాలని ఆయన ఆశ.

"కాకా, గుర్రమెక్కి ఓట్లడుగు. గా దొర ఎనుక జనం ఎట్ల పడ్డరో ఎరుకేనా?"

"నాకు గుర్రమెక్కుడు రాదురా."

"నీ పెండ్లిల ఎక్కలే?"

"గప్పుడు ఇద్దరు పట్టుకున్నరు."

"గిప్పుడు నలుగురం పట్టుకుంటం. ఫికర్ జెయ్యకు."

"మరి ఓట్లల్ల గా దొర గెలిచిండా?"

"గెల్వకేం జేస్తడు!" అన్నాను. నేను చదివింది సగం పుస్తకమే. ఈ సంగతి కాకకు చెప్పలేదు, మీరు మాత్రం గుర్తుంచుకోండి.

బారాత్‌లకు తిప్పే తెల్ల గుర్రాన్ని కిరాయికి తెచ్చాం. పెళ్లికొడుకులను మోసీ మోసీ దానికి వచ్చిన విద్య ఒక్కటే. డప్పు మోగితే ఆడాలి, షామియానా కనబడితే దాని ముందు ఆగి, హారతి అయ్యాక శనగలు తినాలి.

మొదటి వాడలోనే అరుగు మీది లచ్చవ్వ కాకను చూసి గబుక్కున లేచి, చెప్పులు విడిచి నిలబడింది. కాక పొంగిపోయి దండం పెట్టాడు.

"ఎవ్వలయ్యా?"

"నేను, మల్లేశాన్ని అవ్వా!"

"నువ్వారా! ఎనుకటి మన ఊరి దొర మళ్లొచ్చిండనుకొని చెప్పులిడిస్తిని గద! గుర్రమెక్కినోళ్లను మా బాపులు కొట్లాడి ఎల్లగొట్టిండ్రు. ముందుగాల కిందికి దిగు!"

"దిగుడు రాకనే గద అవ్వా గిట్ల కూసున్న!"

వాడంతా నవ్వింది. ఆ నవ్వు వినబడకూడదని నేను డప్పులవాళ్లకు సైగ చేశాను. అంతే! గుర్రం ఆడటం మొదలుపెట్టింది. కాక దాని మెడను కావలించుకున్నాడు. పట్టుకున్న నలుగురం నాలుగు దిక్కులా పడ్డాం. గుర్రం ఆడుతూ ఆడుతూ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క షామియానా ముందుకు పోయి ఆగింది. అది ప్రత్యర్థి రాజయ్య ప్రచారం కోసం తన ఇంటి ముందు వేయించుకున్నది.

రాజయ్య నవ్వు ఆపుకుంటూ బయటికి వచ్చాడు. "రా అల్లుడా, రా! మా బిడ్డ పెండ్లి నిరుడే అయిపాయె గని, బువ్వ తినిపో."

ఆయన భార్య నిజంగానే హారతి పట్టింది. గుర్రం శనగలు తినేదాకా కదల్లేదు. కాక దిగింది కూడా రాజయ్య చేయి పట్టుకునే. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో సాయంత్రానికల్లా దుబాయి చేరింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను సగమే చదివాను కాబట్టి నా మతి దక్కింది, పోయింది కాక పదవి. ఫలితాల మర్నాడు భయంభయంగా మిగతా సగం చదివి కాకకు చెప్పాను. దొరకు గుర్రాల మీదున్న ధ్యాస తమ మీద లేదని జనమే ఆయన్ను ఇంటికి పంపారట.

నాకు ఏడుపొచ్చింది.

"మరి గాయన గుర్రం?" అన్నాడు కాక.

"పందెంల ఫస్టొచ్చింది కాకా."

"నయమే. గాయన గుర్రం గాయన్నే గెలిపిచ్చింది. నా గుర్రం రాజయ్యను గెలిపిచ్చింది."

అందుకే వేములవాడ రాజన్న మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆఖరి పేజీ చదవనిదే ఇక ఎవరికీ ఏ సలహా ఇవ్వను. మొన్న అక్కడికే, గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు తీర్చడానికి వెళ్తే, కాక కోడె తాడు నా చేతికిచ్చి తాను పది అడుగులు వెనక నడిచాడు.