బీపీ బల్ల దగ్గరి కుర్చీ

మూడు నెలలకోసారి మా జనగామ చర్చి సంఘం తరఫున వైద్య శిబిరానికి వెళ్తాం. కేసముద్రం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక తండాకు. వ్యానులో డాక్టరుగారు, పాస్టరయ్యగారు, మందుల అట్టపెట్టెలు, వాటి మధ్య ఇరుక్కుని ఏడెనిమిది మందిమి. నేను ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును కాబట్టి శిబిరంలో బీపీ చూసే బల్ల నాది. నాలుగేళ్లుగా ఆ కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక అవ్వ అంటే నాకు ప్రాణం. డెబ్బై దాటినా మిరప చేలల్లో కాయ ఏరడానికి పోయే మనిషి. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. నాతో మాత్రం వచ్చినంత తెలుగులో మాట్లాడేది. మొదటిసారి చూసినప్పుడు పై అంకె నూట తొంభై. మందులిచ్చి పంపాం. మూడు నెలల తర్వాత చూస్తే నూట ముప్పై. ఆ సంతోషంలో ఆమెను వాటేసుకుని, అందరికీ వినబడేట్టు దేవునికి స్తోత్రం చెప్పాను. అప్పటినుంచి ప్రతిసారీ అదే వరస. "మంచిగున్నవా అవ్వా?" అని నేను, "మంచిగనే ఉన్న బిడ్డా" అని ఆమె, మళ్లీ మంచి అంకె. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే నేను లేచి ఆ అవ్వ గురించే చెప్పేదాన్ని. నా చేతిలో ఏదో ఉందని తోటి ఆడవాళ్లు అనేవాళ్లు. అట్లా అనొద్దంటూనే మళ్లీ అంటారేమోనని చూసేదాన్ని.

పోయిన ఏడాది చలికాలంలో మా సంఘానికి ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. భూపాలపల్లి వైపు తండాలో పుట్టి, నర్సింగు చదివి, జనగామలో ఉద్యోగానికి చేరింది. శిబిరానికి వస్తానంటే నా పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టారు. మొదటి ముసలామెను చూడగానే "యాడీ" అని పిలిచింది. అమ్మా అని. అంతే, అరగంటలో నా ముందున్న వరస మొత్తం ఆ స్టూలు వైపు వంగింది. మా అవ్వ అయితే ఆ పిల్ల గడ్డం పట్టుకుని, ఏదో అని, పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. నాలుగేళ్లలో నేనెన్నడూ చూడని నవ్వు అది. ఏమన్నదని అడిగితే, "ఏం లేదక్కా, ఉత్త ముచ్చట" అన్నది ఆ అమ్మాయి.

ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చీటీ రాసేది నేనే. తర్వాతి శిబిరానికి ఆ అమ్మాయిని ఆ చివరన మందుల బల్లకు వేశాను. "నీ చూపు మంచిగుంటది, గోలీల మీద అక్షరాలు సన్నగుంటయి" అన్నాను. పాస్టరయ్యగారు కూడా నిజమేనని తలూపారు. ఆ పిల్ల "సరే అక్కా" అని నవ్వుతూ వెళ్లిపోయింది. మొహం మాడ్చుకుని ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

అవ్వ వచ్చి నా ముందు కూర్చుని అటూ ఇటూ చూసింది.

"ఆ పిల్ల రాలేదా బిడ్డా?"

"వచ్చింది. పనిల ఉన్నది" అని చేతికి బీపీ పట్టీ గట్టిగా చుట్టాను. నూట ఇరవై ఎనిమిది. ఆమె చీటీ మీద ఆ అంకెను పెద్దగా రాసి, "చూసినవా అవ్వా, నా దగ్గర కూసుంటే ఎంత మంచిగొచ్చిందో!" అన్నాను. ఆ మాట మందుల బల్ల దాకా వినబడాలనే అన్నాను.

అవ్వ మందుల బల్ల దగ్గరికి పోయిన కాసేపటికి ఆ అమ్మాయి వచ్చి నా చెవి దగ్గర వంగింది. "అక్కా, జర పక్కకొస్తవా?" వ్యాను వెనక్కి తీసుకుపోయి మెల్లగా చెప్పింది.

"అవ్వ గోలీలు రోజూ ఏసుకుంటలేదక్కా. మనమొస్తున్నమని వారం ముందు మైకు కట్టిన ఆటో తిరుగుతది కద, ఆ దినం మొదలువెడ్తదట. మనం పోంగనే బంద్ చేస్తదట."

"ఎందుకట్ల?"

"ఏసుకుంటే కాళ్లు వాస్తున్నయట. వాసిన కాళ్లతోని మిర్చి ఏరవోవుడు ఎట్ల అంటున్నది."

"మరి ఆ వారం మాత్రం ఎందుకు వేసుకునుడు?"

ఆ పిల్ల నేల చూపులు చూసింది. "బీపీ ఎక్కువొస్తే నువ్వు బాధపడ్తవట. తక్కువొస్తే నీ మొఖం ఎట్ల వెలుగుతదో నాకు చేసి సూపిచ్చింది."

ముందు నాకు అవ్వ ప్రాణం గుర్తుకు రావాలి. రాలేదు. ఈ మాట నాకెందుకు చెప్పలేదు, దీనికెందుకు చెప్పింది అన్నదే ముందు వచ్చింది. ఆ తర్వాతే లెక్క వేసుకున్నాను. మూడు నెలల్లో ఒక్క వారం తప్ప, ఆ మనిషి నాలుగేళ్లుగా నూట తొంభైతోనే ఎండలో తిరుగుతోంది. ఏ రోజు చేనులో పక్షవాతం వచ్చి పడిపోయినా దిక్కులేదు. ఆ మాత్రకు కొందరికి కాళ్లు వాస్తాయని తెలియని నర్సు ఉండదు. నాకూ తెలుసు. బల్ల కిందికి వంగి ఆమె పాదాలు ఒక్కసారైనా చూడలేదు, అంతే.

"డాక్టరు సారుకు నువ్వే చెప్పక్కా, నేను చెప్తే మంచిగుండదు" అన్నది ఆ అమ్మాయి. నా పరువు కాపాడుతోంది. ఆ జాలి చూసి ఒళ్లు ఇంకా మండింది. అయినా వెళ్లి చెప్పాను. "అడిగి మంచి పని చేశారమ్మా" అని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. అడిగింది నేను కాదని నా నోటి నుంచి రాలేదు. ఆ పిల్ల అక్కడే నిలబడి మాత్రలు పొట్లం కడుతోంది. మందు మార్చి, ముందు చిన్న మోతాదుతో మొదలుపెట్టమని రాశారు.

ఆ ఆదివారం సాక్ష్యానికి పిలిస్తే గొంతు బాగాలేదన్నాను.

తర్వాతి శిబిరానికి బీపీ బల్ల ఆ అమ్మాయికి రాసి, మందుల బల్ల నేను తీసుకున్నాను. దీన్ని మంచితనం అనుకోవద్దు. నాతో చెప్పని మాట ఇంకేదైనా ఉంటే ఆ పిల్లకైనా తెలియాలన్న భయం. దూరం నుంచి చూస్తూ కూర్చున్నాను. అవ్వ కుర్చీలో కూర్చోగానే రెండు కాళ్లూ ముందుకు చాపి, వేలితో పిక్క మీద నొక్కి చూపించింది. వాపు లేదు. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వారు.

అవ్వ డాక్టరుగారి దగ్గర కూడా చూపించుకుని, చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు దినాం ఏసుకుంటున్న బిడ్డా" అన్నది. చీటీలో నూట యాభై నాలుగు అని ఉంది. మోతాదు కొంచెం పెంచమని డాక్టరుగారు పక్కన రాశారు. నాకు ఎన్నడూ ఇవ్వని అంకె అది. నన్ను సంతోషపెట్టాలని చూడకుండా, ఉన్నది ఉన్నట్టు ఆ పిల్ల ముందు పెట్టిన అంకె. మాత్రలు లెక్కపెడుతున్నానే గానీ, నాలుగేళ్ల నా మంచి అంకెలన్నీ ఇచ్చేసి ఆ ఒక్క చెడ్డ అంకెను నాది చేసుకోవాలనిపించింది.