అమ్మ ఎత్తిన చెయ్యి

సర్కారు సినిమాలో జనం చప్పట్లు కొడుతుంటే నేను ముందు వాళ్ల మొహాలు చూస్తాను. దేనికి కొడుతున్నారో వాళ్లకైనా తెలుసా అని. నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అంటారు. అననీ.

డెబ్బయ్యో దశకం చివర్లో మేం వరంగల్‌లో నేతపనివాళ్ల గల్లీలో ఉండేవాళ్లం. వీధి వైపు ముందుగదిలో బాపు మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం అది. మంచంలా ఎత్తి ఇంకోచోట వేసుకునేది కాదు. రోడ్డు వెడల్పు చేస్తారనీ, ముందుగదులన్నీ పోతాయనీ ఊళ్లో మాట పుట్టింది. గది పోతే మాకు తిండి పోయినట్టే.

అలాంటప్పుడు పట్టణాభివృద్ధి ఆఫీసు జీపొకటి వచ్చి మా గల్లీలో ఆగింది. సినిమా తీస్తారట. ఇస్త్రీ చొక్కా ఆయన ఆడవాళ్లందరినీ ఒకచోట నిలబెట్టి, "నల్లా కావాలన్నోళ్లు చేతులు లేపుండ్రి" అన్నాడు.

"నల్లా ఇచ్చేటోడు పైపులు తెస్తడు గని కెమెరా తెస్తడానే?" అన్నాను అమ్మ చెవిలో.

"నువ్వు జర గమ్మునుండు. అడగంది అమ్మ గూడ పెట్టది," అని అమ్మ అందరికన్నా ముందు చెయ్యెత్తింది. బావి నుంచి బిందెలు మోసి మోసి ఆమె నడుము ఏనాడో పోయింది. కెమెరా ఆమె ముందుకు జరిగింది. అక్కడ మైకు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

కొన్నాళ్లకు ఆ రీలు టాకీసులో అసలు సినిమాకు ముందు వేస్తున్నారని తెలిసింది. అమ్మ పెట్టెలోని చీర కట్టుకుని, పూలు పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుపోయింది. ముందు ఖిలా రాతి తోరణాలు, తర్వాత కాజీపేటలో రైళ్లు, ఆ తర్వాత మా గల్లీ. తెర నిండా అమ్మ చెయ్యి! నేల టికెట్టువాళ్లు ఈలలు వేశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడొక బరువైన గొంతు చెప్పింది, రోడ్డు విస్తరణకు తమ స్థలాలిచ్చేందుకు ప్రజలు ముక్తకంఠంతో అంగీకరించారని. ఆ బొమ్మలో ఎవరి కంఠమూ లేదు.

"ఏమంటాండు బిడ్డా?" అంది అమ్మ. ఆ పుస్తకాల మాట ఆమెకు అర్థం కాలేదు. చెప్పక తప్పలేదు, చెప్పాను.

అమ్మ దిగ్గున లేచింది. "నేను నల్లా అడిగిన! ఇల్లిస్తమని ఎవ్వలన్నరు?" అని తెర మీదికి అరిచింది.

"కూసో అవ్వా, బొమ్మ కనవడ్తలేదు," అన్నారు వెనకనుంచి.

మర్నాడు బాపు ఆ ఆఫీసుకు పోయాడు. "మీ ఇంటామెనే గదా చెయ్యెత్తింది, ఊరంతా చూసింది," అని నవ్వి పంపించారు. ఒళ్లు మండిపోయింది నాకు. ఎండాకాలం దాటకముందే ముందుగది కూలింది. బాపు పవర్‌లూము షెడ్డులో కూలికి కుదిరాడు.

నల్లా కూడా వచ్చింది, అబద్ధమెందుకు. కొత్త రోడ్డు అంచున, బాపు మగ్గం గుంట ఉన్నచోటే పాతారు. గల్లీ అంతా అక్కడే నీళ్లు పట్టుకునేది. అమ్మ మాత్రం బిందె ఎత్తుకుని బావికే పోయేది. ఎందుకే ఈ తిప్పలంటే, "అది నేనడిగిన నల్లా గాదు బిడ్డా," అనేది.