ఆడవాళ్ల చెయ్యి పడని బండి

వాసవీకుమారి షెడ్డులోకి వచ్చేసరికి మెకానిక్ పైడన్న డ్రైవరు సీటు కింద తల దూర్చి, కాళ్లు బయటికి చాపి ఏదో విప్పుతున్నాడు. రెండు టేకు చెక్క దిమ్మలు అప్పటికే నేల మీద ఉన్నాయి. ఒకటి క్లచ్చు మీదిది, ఇంకోటి బ్రేకు మీదిది. మూడోది ఊడి రావడం లేదని విసుక్కుంటున్నాడు.

“ఏటి పైడన్నా, అవెందుకు తీస్తన్నావు?”

“అయ్యగారు తీసీమన్నారమ్మగారూ. రేపు బండి కొనీవోళ్లొస్తారంట. సీటు కూడా నాలుగంగుళాలు దించీమన్నారు.” పైడన్న తల బయటపెట్టి ఆమె ముఖం చూశాడు. చూసిన వెంటనే మళ్లీ లోపలికి దూర్చేశాడు. “నాకేటి తెల్దు. నన్నేటీ అడగకండి.”

తెలియకేం, అన్నీ తెలుసు. ఆ దిమ్మలు బిగించింది వాడే. వాసవీకుమారి నాలుగడుగుల పది అంగుళాల మనిషి. ఆమె కాళ్లు పెడళ్లకు అందవని దిమ్మలు వేసి, అద్దంలోంచి రోడ్డు కనబడదని సీటు ఎత్తు చేశాడు. ఇప్పుడు వాటిని విప్పితే ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో చెప్పే గుర్తు ఒక్కటీ మిగలదు.

ఆమె భర్త ధర్మలింగానికి బరంపురం బజారులో చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేలు కొట్టు. పదకొండు నెలలు కొట్టు గుమ్మం దిగడు. వేసవిలో ఒక్క నెల మాత్రం దేశమంతా చూసెయ్యాలని పిచ్చి. చూడ్డానికి ఊళ్లన్నీ కావాలి గాని ఏ ఊరి హోటల్లోనూ గుక్కెడు కాఫీ తాగడు, పడదు. అందుకని రెండువేల పన్నెండులో మిలటరీ వేలంలో నాలుగు చక్రాలూ లాగే చిన్న ట్రక్కు కొని, వెనకంతా ఇల్లు కట్టించాడు. మూడు పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, పప్పుల డబ్బాలకు అర. ఆడిటరు సలహా మీద ఇన్‌కం టాక్సు కోసం బండిని భార్య పేర రిజిస్టరు చేయించాడు. వాళ్లుండే లంజిపల్లిలో ఇదేం వింత కాదు. ఆ వీధిలో సగం స్కూటర్లు, ముప్పాతిక వంతు స్థలాలు ఆడవాళ్ల పేరు మీదే ఉంటాయి. తాళాలు మాత్రం మగవాళ్ల జేబుల్లో ఉంటాయి.

మొదటిసారి తప్తపాణి ఘాటీ కొండదారి ఎక్కుతున్నప్పుడే ధర్మలింగం సంగతి బయటపడింది. పక్కన లోయ కనబడగానే చేతులకు చెమటలు పట్టాయి, కళ్లు తిరిగాయి, బండి నడిరోడ్డు మీద ఆపేశాడు. అస్కాలో ఆమె తండ్రికి బెల్లం వ్యాపారంతో పాటు చెరకు తోలే ట్రాక్టరు ఉండేది. పదిహేడేళ్లప్పుడే ఆమె లోడు ట్రాక్టరు మిల్లు గేటు దాకా నడిపింది. ఆ రోజు భర్తను పక్కకు జరిపి స్టీరింగు పట్టుకుంది. తొమ్మిదేళ్లు మళ్లీ వదల్లేదు.

వదల్లేదంటే ఊరి బయట మాత్రమే. పక్కింట్లో ధర్మలింగం అన్నగారు కాశీవిశ్వనాథం ఉంటాడు. పెళ్లాం బండి తోలుతుంటే పక్కన కూర్చునే మగవాడి గురించి ఆయన వీధి అరుగు మీద ఏమంటాడో వీధికంతా తెలుసు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటి దగ్గర ధర్మలింగం ఎక్కుతాడు, హారను కొట్టి వీధి దాటిస్తాడు. ఊరు దాటాక టీ కొట్టు పక్కన బండి ఆపుతాడు, ఇద్దరూ సీట్లు మారతారు. తిరిగొచ్చేటప్పుడు అదే కొట్టు దగ్గర మళ్లీ మార్పు. కచ్ ఉప్పు నేలల మీద, స్పితి రాళ్ల మీద, తవాంగ్ బురదలో నడిపింది ఆమె. ఫొటోల్లో స్టీరింగు ముందు కూర్చున్నది ఆయన.

బండి అమ్మడానికి ఆమె ఒప్పుకుంది. కూతురు కామాక్షికి భువనేశ్వర్లో ఉద్యోగమొచ్చింది, సెలవులు దొరకవు. ఆయనకు బీపీ. షెడ్డు కొట్టుకు గోదాముగా కావాలి. అన్నీ సబబే. కానీ ఆ మధ్యాహ్నం ఆమె, భోజనానికి వచ్చిన భర్త ఫోను తీసి, అమ్మకానికి పెట్టిన ప్రకటన చదివింది. కామాక్షి ఇంగ్లీషులో రాసి పెట్టింది, తండ్రి చెప్పినట్టే. ‘ఒకే ఓనరు నడిపిన బండి. డ్రైవర్ల చెయ్యి, ఆడవాళ్ల చెయ్యి పడలేదు.’

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏటండీ ఇది?”

“అందరూ అలాగే రాస్తారే. అలాగయితే రేటొస్తాది. పప్పు వెయ్యి.”

“మరి తొమ్మిదేళ్లు నడిపిందెవరు?”

“మనకి తెల్సు కదా, ఊరికి సెప్పాలేటి?” అన్నాడు ధర్మలింగం, కంచంలో అన్నం గుంట చేసుకుంటూ. “అమ్మీసే బండికి ఇప్పుడీ గోల దేనికి?”

ఆమె పప్పు గిన్నె ఆయన ముందు ఠప్పున పెట్టి వెళ్లిపోయింది. అమ్మేసే బండి కాబట్టే గోల. బండి ఉన్నన్నాళ్లూ టీ కొట్టు దాటాక అది ఆమెది. పోయాక మిగిలేది మాట ఒక్కటే, ఆ మాట కూడా ఆయన అబద్ధం చేసి అమ్ముతున్నాడు. పిల్ల చేత కూడా రాయించాడు. వెనక పడకలో పడుకుని, ‘అమ్మా, మెల్లగా’ అని అరిచిన పిల్ల!

మర్నాడు వైకుంఠరావు వచ్చాడు. భంజనగర్ కాంట్రాక్టరు. కొండ మీద దరింగబాడి దారిలో తోట కొన్నాడట, అక్కడ ఈ బండి నిలబెట్టి టూరిస్టులకు గదిలా అద్దెకిస్తాడట. పడకలు నొక్కి చూశాడు, పొయ్యి వెలిగించి చూశాడు.

“మొత్తం మీరే నడిపేరా ధర్మలింగం గారూ?”

“నేనే. ఇంకో చెయ్యి పడనిచ్చేనా?” కాఫీ గ్లాసులు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడి ఉండగానే అన్నాడు. కనురెప్ప కూడా వాల్చలేదు.

“అయితే ఒక్క మాట. ఇంత ఎత్తు బండి కళింగ ఘాటీ ఎక్కించడం మా డ్రైవరు వల్ల కాదు. బుధవారం మీరే పైకి తెచ్చి అప్పసెప్పండి. కాయితాలు, డబ్బూ అక్కడే.”

ధర్మలింగం రేటు ఖాయమైన సంబరంలో సరే అనేశాడు. వైకుంఠరావు వెళ్లాక గాని తాను ఒప్పుకున్నది ఏమిటో తలకెక్కలేదు. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. “ఎప్పట్లాగే టీ కొట్టు దగ్గిర మారిపోదాం. ఘాటీ పైన, ఆయన కనబడకముందు మళ్లీ నేను కూచుంటాను.”

“సంతకం నాది కావాలి కదా, ఒస్తాను” అంది ఆమె. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు.

బుధవారం ఉదయం కాశీవిశ్వనాథం అరుగు మీద నిలబడి చెయ్యి ఊపుతుండగా, ధర్మలింగం హారను కొట్టి వీధి దాటించాడు. టీ కొట్టు దగ్గర ఆపి, కిందికి దిగి, ఎడమ తలుపు వైపు వచ్చాడు. ఆమె కదల్లేదు.

“దిగవేటే?”

“నా చెయ్యి పడకూడదు కదండీ. రేటు తగ్గిపోదూ?”

బతిమాలాడు, కసిరాడు, కొట్టువాడు వింటున్నాడని గొంతు తగ్గించాడు. చివరికి ముఖం మాడ్చుకుని వెళ్లి మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. హింజిలి, అస్కా, భంజనగర్ అన్నీ దాటారు. నేల మీద ఆయన బాగానే నడుపుతాడు. ఘాటీ మొదలయ్యాక మొదటి మలుపు ఎలాగో తిప్పాడు. రెండో మలుపులో పైనుంచి లారీ దిగుతోంది, పక్కన లోయ. ధర్మలింగం బ్రేకు తొక్కి కళ్లు మూసుకున్నాడు. ఇంజను ఆగిపోయింది. కాలు సడలి బండి జానెడు వెనక్కి జారింది. వెనకున్న బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. ఆమె చప్పున హ్యాండుబ్రేకు లాగింది.

“నా వల్ల కాదే. నీకు పున్నెముంటాది, నువ్వు కూచో.”

“ఇంటికెళ్లేక మీ అన్నయ్యకి సెప్తారా? ఈ ఘాటీ ఎవరెక్కించేరో, తొమ్మిదేళ్లూ ఎవరు నడిపేరో?”

“సెప్తాను.”

“వీధిలో నిలబడి?”

“సెప్తాను, ఒట్టు! ముందు దీన్ని కదుపు.”

ఆమె దిగి చుట్టూ తిరిగి వచ్చి కూర్చుంది. కాళ్లు అందలేదు. దిమ్మల్లేవు, సీటు కిందికి ఉంది. తన బండిలో తానే పరాయిదానిలా సీటు అంచుకు జరిగి, నడుము వెనక భర్త సంచీ కుక్కుకుని, మునివేళ్లతో క్లచ్చు నొక్కాల్సి వచ్చింది. ‘ఎంత పని చేశావయ్యా’ అని పళ్లు కొరికింది. అయినా బండి ఆమె మాట విన్నది. పక్కనున్న చిన్న లీవరు లాగి, నాలుగు చక్రాలనూ పట్టులోకి తెచ్చి, ఒక్క కుదుపు లేకుండా ఎక్కించింది. పైన ఆయన మళ్లీ మారదామన్నట్టు చూశాడు గాని, నోరు విప్పే ధైర్యం చెయ్యలేదు.

కుడి తలుపు తీసుకుని ఆమె దిగడం చూసి వైకుంఠరావు ఆశ్చర్యపోయాడు. “అదేటి, ఆడోళ్ల చెయ్యి పడలేదన్నారు? ఆడోళ్లు తోలిన బండంటే క్లచ్చు అరిగిపోయుంటాది. రేటు మళ్లీ ఆలోసించాల.”

ధర్మలింగం కొండల వైపు చూస్తున్నాడు.

“మీ డ్రైవరు ఎక్కించలేని ఘాటీ ఎక్కించి తెచ్చేను” అంది ఆమె. “కిందికి దించడం కూడా నాకొచ్చు. కాయితం ఇస్తారా, బండి తిప్పమంటారా?”

వైకుంఠరావు నసిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కాగితాలు బానెట్టు మీద పరిచాడు. ఓనరు అన్నచోట ఆమె సంతకం చేసింది. ఇన్నేళ్ల బండి చెయ్యి జారిపోతుంటే ఏడుపు రావాలి. రాలేదు. కోపం దానికి చోటివ్వలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. సాయంత్రం లంజిపల్లి వీధిలోకి వచ్చేసరికి కాశీవిశ్వనాథం తన కొత్త కారు తుడిపించుకుంటూ గేటు ముందే ఉన్నాడు. ఎదురింటి వాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు.

“ఏరా తమ్ముడూ, కళింగ ఘాటీ ఎక్కించీసేవా?”

ధర్మలింగం ఇంటివైపు రెండడుగులు వేశాడు. ఆమె వీధి మధ్యలో ఆగిపోయింది. ఆయన వెనక్కి చూసి, ఆమె కదలదని తెలుసుకుని, తల దించుకుని చెప్పాడు. “నేను కాదన్నయ్యా. ఇదే ఎక్కించింది. ఈ తొమ్మిదేళ్లూ... ఇదే నడిపింది.”

కాశీవిశ్వనాథం పొట్ట పట్టుకుని నవ్వాడు. “భలే సెప్పేవురా! స్టూలు మీద నిలబడి తోలిందేటి?” ఎదురింటి వాళ్లూ నవ్వారు.

ధర్మలింగం అందరి ముఖాలూ చూశాడు. మాట చెల్లించేశాడు, ఎవరూ నమ్మలేదు, పరువూ పోలేదు. ఆయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. మెల్లగా ఆయన కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూశాక వాసవీకుమారికి ఒళ్లంతా నిప్పంటుకున్నట్టయింది. అబద్ధం చెప్పినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. చూపించడానికి బండి కూడా లేదిప్పుడు. ఆమె చేతిసంచీ తీసి భర్త చేతిలో పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కారు దగ్గరికి నడిచి, బావగారి ముందు అరచెయ్యి చాపింది.

“నవ్వడం అయిపోతే మీ కారు తాళాలు ఇవ్వండి బావగారూ” అంది.

వీధిలో నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.