కన్హేరి గుహలో వెంకయ్య చూసిన నెర్ర

1998. మాదాపూర్‌లో ఒక ఐటీ భవనానికి సెల్లార్ తవ్విస్తున్న సైట్ ఇంజనీరుని నేను. అంతా గట్టి బండే. కొత్త డ్రిల్లింగ్ మెషిన్ చూసిరావడానికి రాళ్లు కొట్టే మేస్త్రి వెంకయ్యను వెంటబెట్టుకుని బొంబాయి వెళ్లాను. పాలమూరు మనిషి. సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి గుణం చెప్పేవాడు.

పని శనివారమే ముగిసింది. ఆదివారం పొద్దున బోరివలి నేషనల్ పార్కుకు వెళ్లాం. ఆ అడవి మధ్య కొండను తొలిచి, ఎప్పుడో బౌద్ధ భిక్షువుల కోసం చెక్కినవి కన్హేరి గుహలు. నేను విగ్రహాలు చూస్తుంటే, వెంకయ్య గోడల మీది ఉలి గాట్లను తడుముతూ నడిచాడు. సగంలో ఆగిపోయిన ఒక చిన్న గుహ దగ్గర నిలబడిపోయాడు.

"సారూ, గిది ఎందుకు ఇడిసిపెట్టిన్రో ఎరుకేనా?"

"రాజు మారిపోయుంటాడు" అన్నాను నవ్వుతూ.

"రాజు గాదు. గీ నెర్ర చూడున్రి, లోపల్నించి తడి ఊరుతున్నది. ఇంక కొడితె మీది బండ జారుతదని ఆగిన్రు."

అంతలో ఆయన ముఖం మారిపోయింది.

"మన సెల్లారు గుంతల తూర్పు గోడకు గిట్లనే తడి ఉన్నది సారూ. మీదున్న నీళ్ల ట్యాంకు కారుతుందన్నరు మీరు. ట్యాంకు ఖాళీ చేసి వారమాయె గద!"

బండలో సహజంగా ఉండే చీలికను మేం జాయింట్ అంటాం. అది గుంతవైపు వాలి ఉంటే పైబండంతా దాని మీదుగా జారిపోతుంది. ఆదివారమైనా సైటులో పని నడుస్తోంది. ఆ గోడ కింద పద్నాలుగు మంది. వాళ్లలో వెంకయ్య భార్య జంగమ్మ కూడా ఉంది.

గుహల దగ్గర ఫోను లేదు. గేటు చాలా దూరం. పరుగెత్తాం. దారిలో ఒక జీపువాళ్లు ఎక్కించుకున్నారు. గేటు బయట ఎస్‌టీడీ బూత్ నుంచి సైటుకు చేస్తే సూపర్‌వైజర్ ఎత్తాడు.

"తూర్పు గోడ కింద ఉన్నవాళ్లందర్నీ పైకి రప్పించు. ఇప్పుడే!"

"ఏమైంది సార్? డ్రిల్లింగ్‌కు కంప్రెసర్ ఇప్పుడే స్టార్ట్ చేసినం..."

"ఆపెయ్యి! ముందు మనుషుల్ని ఎక్కించు!"

ఫోను పెట్టెయ్యకుండా నిలబడ్డాను. వెంకయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపటికి, "అందరు పైకొచ్చిన్రు సార్" అన్న మాట వినిపించింది.

సోమవారం సైటుకు చేరేసరికి తూర్పు గోడ లేదు. ఆదివారం మధ్యాహ్నమే జారిందట. లారీ అంత బండ కింద కంప్రెసర్ రేకులా నలిగిపోయి ఉంది. గుంత అంచున జంగమ్మ కూర్చుని ఉంది. వెంకయ్య వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు.

వారం ముందే ఆయన ఆ తడి చూపించి అడిగాడు. కిందికి దిగకుండానే, ట్యాంకు నీళ్లేనని తేల్చేసింది నేను. జాయింట్ల గురించి చదువుకున్నదీ నేనే. అప్పటినుంచి సైటులో ఎవరు అనుమానం చెప్పినా ముందు పని ఆపిస్తాను. దిగి, ఆ రాయిని చేత్తో తాకాకే జవాబు చెబుతాను.