అన్నమాట అన్నట్టే రాసే మా పిన్ని

మా పిన్ని చేతికి పెన్నిస్తే ప్రమాదం. ఈ మాట ఆమె ఎదుటే అంటాను. నవ్వుతుంది, వీలైతే అదీ రాసుకుంటుంది. వృత్తి కుట్టుపని. చక్రాల కుర్చీల సంఘంవాళ్లు చిరిగిన సీట్లు తెస్తే మందపాటి గుడ్డ వేసి కుట్టిచ్చేది. అలా అలా సంఘంలో చేరింది, చేరిన ఏడాదికే కార్యదర్శి పని, దాంతోపాటు మినిట్స్ పుస్తకం ఆమె మెడకు చుట్టుకున్నాయి. సంఘానికి ముప్ఫై ఒక్క కుర్చీలున్నాయి. నడవలేనివాళ్లకు కావలసినన్నాళ్లు ఇస్తారు, పాడైతే బాగుచేస్తారు. అంతే సంఘం.

మినిట్స్ అంటే ఎక్కడైనా "చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఒక ముక్క గిలికి సంతకాలు పెట్టేస్తారు. మా పిన్ని దగ్గర ఆ పప్పులుడకవు. ఎవరేమంటే అదే రాస్తుంది. "సంగీతం టీచరు: ఆ కిటికీ మూయండి బాబూ, చలి. డ్రైవరు: మూస్తే నాకు ఊపిరాడదు. టీచరు: ఊపిరాడకపోయినా నోరాడుతోందిగా." ఇదంతా పుస్తకంలో ఉంది. పైనెల సమావేశంలో చదివి వినిపిస్తే ఇద్దరూ "అవును, అన్నాం" అని ఒప్పుకున్నారు కూడా. రాసింది కొట్టేయాలంటే ఒక్కటే దారి. అన్న మనిషి అందరి ముందూ "నా మాట వెనక్కి తీసుకుంటున్నా" అనాలి. అప్పుడు స్కేలు పెట్టి గీత గీస్తుంది, అలా ఎందుకు గీసిందో కిందే రాస్తుంది. ఇంట్లో మా బాబాయి ఆమెతో పోట్లాటకు దిగేముందు "పెన్నెక్కడుందో చూడవే" అని నన్నడుగుతాడు.

ఇలా హాయిగా సాగుతుంటే కొత్త చట్టమొకటి వచ్చిపడింది. సేవాసంఘాలన్నీ మళ్లీ రిజిస్టరు చేయించుకోవాలట. మూడేళ్ల మినిట్స్ చూపించాలట. సేవ మానేసి సర్కారు వ్యవహారాల్లో వేలుపెట్టినట్టు తేలితే రిజిస్ట్రేషను రద్దు, ఆస్తి స్వాధీనం. మా సంఘం ఆస్తి ఆ కుర్చీలే, వాటిలో మనుషులు కూర్చుని ఉన్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. పిన్ని మాత్రం "చూపించమంటే చూపిద్దాం, మనమేం దొంగతనం చేశామా?" అంటూ పుస్తకం సంచిలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది.

సంఘాల ఆఫీసరు మెత్తటి మనిషే. కిటికీ గొడవ చదివి పగలబడి నవ్వాడు. నాలుగు పేజీలు తిప్పాక నవ్వు ఆగిపోయింది.

"డ్రైవరు: పెద్దాస్పత్రి గుమ్మానికి పదకొండు మెట్లు. నన్ను ఇద్దరు బస్తాలా మోసుకెళ్లారు. సర్కారువాళ్లకు కళ్లు లేవా? కుర్చీ ఎక్కేలా వాలుదారి కట్టమని అర్జీ పెడదాం." కింద అందరి సంతకాలూ ఉన్నాయి.

"అమ్మా, ఇది సేవ కాదు, సర్కారును నిలదీయడం" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది పైకి పోతే మీ కుర్చీలు పోతాయి. ఈ మాట కొట్టేసి తీసుకురండి. నేను చూడనట్టే సంతకం పెట్టేస్తా."

పిన్ని సమావేశం పిలిచింది, నేనూ వెంట వెళ్లాను. డ్రైవరుగారు ఒకప్పుడు సిటీ బస్సు నడిపిన మనిషి. కాళ్లు పోయినా గొంతు పోలేదు. ఆఫీసరన్నదంతా పిన్ని చెబితే విన్నారు. చివరికి, "నా ఒక్కడి నోటి తీటకి అందరి కుర్చీలూ పోవడమేంటమ్మా. వెనక్కి తీసుకుంటున్నా. రాసుకో" అని గోడవైపు తిరిగారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిన్ని గీత గీసింది. అలవాటు ప్రకారం కింద కారణం రాసింది. "సంఘాల ఆఫీసరు: ఈ మాట కొట్టేసి తీసుకురండి. నేను చూడనట్టే సంతకం పెట్టేస్తా." చదివి వినిపించింది కూడా. అందరం బుద్ధిగా తలూపాం! ఒక్కరికీ, నాతో సహా, ఏమీ తట్టలేదు.

మర్నాడు అది చదివిన ఆఫీసరుకు ముచ్చెమటలు పోశాయి.

"నా మాట ఎందుకు రాశారమ్మా!"

"మీరన్నారుగా బాబూ."

"కొట్టేయండి తల్లీ, నా ఉద్యోగం పోతుంది!"

"అయ్యో, దానికేం భాగ్యం. వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క మాట అనండి."

ఆయన తలుపువైపు చూసి, ఆ మాటేదో అనేశాడు. పిన్ని సంచిలోంచి స్కేలు తీసి గీత గీసింది. గీసి ఆలోచనలో పడింది. "కానీ బాబూ, మీరు చెప్పారనే కదా డ్రైవరుగారు తన మాట వెనక్కి తీసుకున్నారు? మీ మాటే లేనప్పుడు ఆయన మాట ఉన్నట్టే కదా?"

ఒట్టు, అది తెలివితేటలు కాదు. ఆమెకు నిజంగానే సందేహం వచ్చింది. ఆఫీసరు ఆమెను తేరిపార చూశాడు. "మీరు నా కొంప ముంచేలా ఉన్నారు" అని నిట్టూర్చి, డ్రైవరుగారి మాట మీది గీత పక్కన "మాట ఉన్నట్టే" అని రాసి సంతకం పెట్టాడు. "పైవాళ్లు ఏమంటారో మాత్రం నా చేతిలో లేదు."

తర్వాత ఆరు వారాలు పిన్ని కుట్టినదల్లా విప్పి మళ్లీ కుట్టింది. "నా రాతపిచ్చికి ఆ కుర్చీలు పోతే వాళ్ల మొహాలు ఎలా చూడనే?" అని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమెనలా నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని విప్పిన దారాలు ఏరాను.

పైవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రిజిస్ట్రేషను ఇచ్చారు, ఒక్క ఏడాదికే. ఇకమీదట ప్రతి నెలా మినిట్స్ పంపాలి.

కుర్చీలు దక్కాయని పొంగిపోతూ పిన్ని ఆ ఉత్తరం సమావేశంలో చదివింది. చదివి పెన్ను తీసింది. ఎవరూ నోరు విప్పలేదు. ఫలానా కుర్చీ చక్రం వదులైందన్న మాట కూడా ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. వాగుడుకాయ సంగీతం టీచరు సైతం తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"ఇక ఇంతేనమ్మా" అన్నారు డ్రైవరుగారు గోడవైపు తిరిగి. "మనం నోరు మూసుకుంటే కుర్చీలైనా మిగుల్తాయి."

పుస్తకంలో తేదీ ఉంది, ఆ ఒక్క మాట ఉంది. మిగతా పేజీ అంతా ఖాళీ. పిన్ని ఆ పేజీని చూసింది. తర్వాత పుస్తకం, పెన్ను నా ఒళ్లో పెట్టి, "రాయవే" అని లేచి నిలబడింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్లలో సమావేశంలో ఆమె తన మాటంటూ ఒక్కటీ అనలేదని. చేతికి తీరిక ఉంటేగా!

"ఆస్పత్రికి పదకొండు మెట్లున్నాయి. వాలుదారి కావాలి. ఈ మాట నాది" అంది. నా చేతిలోని పెన్నువైపు చూసింది. "దీన్ని నేను వెనక్కి తీసుకోను."

నేను రాస్తున్నాను. డ్రైవరుగారు కుర్చీని గోడ దగ్గర్నుంచి ఇటు తిప్పుకున్నారు.

"పదకొండు కాదమ్మా, పన్నెండు. విరిగిపోయిన మెట్టు నేనప్పుడు లెక్కపెట్టలేదు" అన్నారు. "అది నా మాటగా రాయించండి."